సాలార్‌జంగ్‌లో రెబెకా గురించి ఏం రాయాలి? ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒక కళా ప్రదర్శన చూసి సమీక్ష రాయాలి, అందులోంచి ఒక కళాఖండాన్ని ఎంచుకుని విశ్లేషించాలి. మీరు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని, అందులో వీల్డ్ రెబెకా, అంటే ముసుగు వేసుకున్న రెబెకా అనే పాలరాతి శిల్పాన్ని ఎంచుకున్నారు. రాయడానికి కూర్చుంటే "అద్భుతం", "రాయికి ప్రాణం పోశాడు", "శిల్పికి జోహార్లు" తప్ప మరేమీ రావడం లేదు. నెట్‌లో దొరికిన చరిత్రంతా చేర్చి ఇస్తే మీ సార్ వెనక్కి ఇచ్చేశారు.

కళాచరిత్ర పాఠాలు చెబుతూ చాలాకాలం ఇలాంటి ప్రాజెక్టులే దిద్దాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఎంపిక మంచిదే, మార్చకండి. రెబెకా మీద తెలుగులో పొగడ్తలు బోలెడు వచ్చాయి, నిదానంగా చూసి రాసినవి తక్కువ. మీరు చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

అద్భుతం అనిపించడంలో తప్పు లేదు. ఆ బొమ్మ ముందు నిలబడి ఏమీ అనిపించకపోతేనే ఆలోచించాలి. అయితే రాయి గుడ్డలా కనిపిస్తోందన్న సంగతి అక్కడికి వచ్చిన ప్రతి మనిషీ గమనిస్తాడు, బడి పిల్లలతో సహా. విశ్లేషణ ఆ తర్వాత మొదలవుతుంది. ఏ చోట గుడ్డలా కనిపిస్తోంది? ఏం చేస్తే అలా కనిపించింది? అలా కనిపించడం వల్ల ఆ కథకు ఏం ఒరిగింది? ఈ మూడింటికి మీ కళ్లతో చూసి జవాబు రాయగలిగితే మీ సార్ ఇంక వెనక్కి ఇవ్వరు.

ముందు చూడటం గురించి. మ్యూజియంలో అడుగుపెట్టగానే లేబుల్ చదవకండి, ఫోన్ తీయకండి. కనీసం అరగంట ఆ శిల్పం దగ్గరే ఉండండి. గుంపులు వస్తాయి, పోతాయి, మీరు ఉండండి. నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. అది బాగా రాకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. గీస్తున్నప్పుడు కన్ను ప్రతి ముడత దగ్గరా ఆగాల్సి వస్తుంది, ఫోటో తీస్తే అలా ఆగదు. తర్వాత వేలు పెట్టి చూపించగలిగినవి మాత్రమే రాసుకోండి. "తల కాస్త వంచింది" అని రాయవచ్చు, చూపించగలరు. "సిగ్గుపడుతోంది" అని అప్పుడే రాయకండి, అది మీ నిర్ణయం. ఏయే ఆధారాలు మిమ్మల్ని ఆ నిర్ణయానికి తెచ్చాయో ముందు పోగుచేసుకోవాలి. ఈ రెండింటినీ విడదీయగలగడమే సగం చదువు.

ఇక అసలు విషయం, ఆ ముసుగు.

చాలామంది లోపల ముఖం చెక్కి, దానిమీద పలచని రాతిపొర కప్పారనుకుంటారు. అలాంటిదేమీ లేదు. అంతా ఒకటే పాలరాయి, ఒకటే ఉపరితలం. ముసుగు వెనక వేరే ముఖం లేదు. మన కన్ను ఆ ఒక్క ఉపరితలాన్ని రెండుగా విడదీసి, ఒకటి ముందు, ఒకటి వెనక అని చదువుకుంటోంది. శిల్పి చేసిందల్లా అలా చదవడానికి సరిపడా ఆనవాళ్లు ఇవ్వడమే.

ఆ ఆనవాళ్లు ఏమిటో దగ్గరకు వెళ్లి వెతకండి. మొదటిది, ముఖం అవయవాలకు అంచులు మొద్దుబారి ఉంటాయి. మామూలు పాలరాతి విగ్రహంలో కనురెప్ప అంచు, పెదవుల మధ్య గీత, ముక్కుపుటాలు పదునుగా తెగి ఉంటాయి. ఇక్కడ ఆ పదును ఉండదు. లోతులన్నీ కొంచెం పూడినట్టు ఉంటాయి. రెండోది, ముడతల గీతలు ముఖం ఆకారాన్ని పట్టించుకోకుండా తమ దారిన తాము పోతాయి. నుదుటి మీదుగా, చెంప మీదుగా దిగే ఆ సన్నని గట్లు చర్మానివి కావని కన్ను వెంటనే పసిగడుతుంది. చర్మం మీద అలాంటి గీతకు కారణం లేదు కదా. అయితే అది గుడ్డే అయి ఉండాలి. గుడ్డ అయితే దాని వెనక ఇంకేదో ఉండాలి. ఇంత తర్కం మనకు తెలియకుండానే క్షణంలో జరిగిపోతుంది. మూడోది చాలా ముఖ్యం: గుడ్డ ఎక్కడ ముఖాన్ని తాకుతోంది, ఎక్కడ వదిలేస్తోంది? నుదురు, ముక్కు కొన, చెంప ఎముక వంటి ఎత్తైన చోట్ల ముసుగు ఒంటికి అంటుకుంటుంది. ఆ ఎత్తుల మధ్య పల్లాలను వంతెనలా దాటుతుంది. గడ్డం నుంచి మెడకు దిగేచోట గుడ్డ లోపలికి పోదు, నేరుగా కిందికి వేలాడుతుంది. ఆ లెక్క ఒక్కచోట తప్పినా మాయ పోతుంది. తడిగుడ్డ అంటుకున్నట్టు ఉండాల్సింది కాస్తా ముఖం మీద మచ్చలా కనిపిస్తుంది.

పాలరాయి గుణం కూడా ఇందులో భాగమే. వెలుతురు దాని ఉపరితలం మీదే ఆగిపోదు, కొంచెం లోపలికి దిగి చెదిరి బయటికి వస్తుంది. అందుకే నీడల అంచులు మెత్తబడతాయి. ఇదే రూపాన్ని మన రామప్ప గుడి మదనికల (అక్కడి స్త్రీ శిల్పాల) నల్లరాతిలో చెక్కి ఉంటే ఇలా ఉండేది కాదు. ఆ రాతికి అద్దంలాంటి నునుపు వస్తుంది, గీత కత్తిలా నిలుస్తుంది. కాకతీయ శిల్పి ఆ రాతితో ఏం చేయవచ్చో అది చేశాడు, ఇటలీ శిల్పి ఈ రాతితో ఏం చేయవచ్చో ఇది చేశాడు.

తర్వాత పక్కకు జరగండి. ఎదురుగా నిలబడినప్పుడు పనిచేసిన మాయ పక్కనుంచి ఎక్కడ పలచబడుతుందో చూడండి. గుడ్డ శరీరాన్ని వదిలి విడిగా వేలాడేచోట రాయి మందం బయటపడక తప్పదు. ఇది శిల్పం మీద ఫిర్యాదు కాదు. శిల్పి ప్రేక్షకుడిని ఎక్కడ నిలబెట్టదలచుకున్నాడో దీనివల్ల తెలుస్తుంది. మీ వ్యాసంలో ఈ పేరా ఉంటే, మీరు నిజంగా వెళ్లి చూశారని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

వీలైతే ఆళ్లగడ్డలోనో దుర్గిలోనో పనిచేసే శిల్పులెవరికైనా రెబెకా ఫోటో చూపించి, ఆ ముడత ఎలా తీస్తారు, ఏ ఉలి వాడతారు, ఎక్కడ రాయి విరిగే ప్రమాదం ఉంది అని అడగండి. పుస్తకాల్లో దొరకని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ మాటల్ని వాళ్లు చెప్పారని చెప్పి మరీ వ్యాసంలో వాడుకోండి.

ఇప్పుడు చరిత్ర. అవసరమైనంతే తీసుకోండి. శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ. 1809లో ఇటలీ ఉత్తరాన బెర్గామో ప్రాంతంలో పుట్టి, రోమ్‌లో స్థిరపడి, పెద్ద కార్యశాల నడిపి, 1873లో చనిపోయాడు. ఈ శిల్పాన్ని 1876లో రోమ్‌లో కొన్నవారు మొదటి సాలార్‌జంగ్, అంటే నిజాం దివాన్ మీర్ తురాబ్ అలీఖాన్. ఆ ఏడాది ఆయన యూరప్ యాత్రకు వెళ్లారు. చాలాచోట్ల "బెంజోనీ, 1876" అని కలిపి రాసేస్తారు. చదివినవాళ్లు 1876లో చెక్కాడనుకుంటారు. చనిపోయి మూడేళ్లయిన మనిషి ఎలా చెక్కుతాడు? 1876 కొన్న సంవత్సరం. ఈ రూపకల్పన 1860లలోనే ఉంది. ఇలాంటి రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం సమీక్షకుడి కనీస బాధ్యత. మీ పాత వ్యాసంలో ఈ పొరపాటు ఉందేమో సరిచూసుకోండి.

ఇంకో సంగతి. రెబెకా ప్రపంచంలో ఇదొక్కటే కాదు. ఇదే రూపం బెంజోనీ కార్యశాల నుంచి ఒకటికి మించి బయటికి వచ్చింది. అమెరికాలో అట్లాంటా నగరం హై మ్యూజియంలో ఒకటి ఉంది, అక్కడ ఉంటున్న మనవాళ్లు చూసే ఉంటారు. ఈ మాట చెబితే నా విద్యార్థులు కొందరు ముఖం చిన్నబుచ్చుకునేవారు, మనది నకలా అని. అలా అనుకోనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో పాలరాతి శిల్పం తయారయ్యే పద్ధతే అది. శిల్పి ముందు మట్టితో నమూనా చేస్తాడు. దానికి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ ప్లాస్టర్ బొమ్మ మీద గుర్తులు పెట్టి, పాయింటింగ్ మెషీన్ అనే కొలత పరికరంతో ప్రతి గుర్తు లోతునూ పాలరాతి దిమ్మ మీదికి ఎక్కిస్తారు. రాయి చెక్కేది ఎక్కువగా పనివాళ్లు. చివరి నునుపు, ముడతల తుది మెరుగు బాగా చేయితిరిగినవాళ్ల పని. కొనేవాళ్లు అడిగినకొద్దీ అదే నమూనా నుంచి మళ్లీ చెక్కేవారు. కాబట్టి "బెంజోనీ తన చేతులతో చెక్కిన ఏకైక శిల్పం" అని రాయవద్దు. ఊహ బెంజోనీది, చేతులు పేర్లు మిగలని ఎందరివో. నాకైతే ఆ పేరులేని చేతుల ముందు గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

ముసుగు చెక్కడం బెంజోనీ కనిపెట్టిందీ కాదు. నేపుల్స్‌లో సాన్సెవెరో అనే చిన్న ప్రార్థనాలయం ఉంది. అక్కడ ఆంటోనియో కొర్రాదీనీ చేసిన ముసుగు స్త్రీ 1752 నాటిది, జుసెప్పె సన్మార్తీనో చేసిన ముసుగు క్రీస్తు 1753 నాటిది. ఆ రెండో శిల్పం చూసిన జనం, ఆ ప్రార్థనాలయం యజమాని రసవాదంతో నిజం గుడ్డనే రాయిగా మార్చేశాడని కథలు చెప్పుకున్నారు. వందేళ్ల తర్వాత రాఫెల్ మోంతీ, జొవాన్నీ స్త్రాజా, బెంజోనీ వంటివారి చేతుల్లో ఈ ముసుగులు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి. దీనికి మీ వ్యాసంలో రెండు మూడు వాక్యాలు చాలు.

వ్యాసంలో ఎక్కువ చోటు కథకు ఇవ్వండి. దాదాపు ఎవరూ పట్టించుకోనిది అదే.

రెబెకా ఎవరు? తెలుగు బైబిల్లో రిబ్కా అని ఉంటుంది, ఆదికాండము 24వ అధ్యాయం. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పిల్లను చూడమని నమ్మకమైన సేవకుణ్ని దూరదేశంలోని బంధువుల దగ్గరికి పంపుతాడు. ఊరి బావి దగ్గర ఒక అమ్మాయి అతనికి నీళ్లిచ్చి, అడగకుండానే అతని ఒంటెలన్నిటికీ తోడిపోస్తుంది. ఆమే రిబ్కా. ఈ మనిషితో వెళ్తావా అని ఇంట్లోవాళ్లు అడిగితే వెళ్తాను అంటుంది. ఎన్నడూ చూడని మనిషి కోసం ఎన్నడూ చూడని దేశానికి ఒంటె ఎక్కి బయల్దేరుతుంది. సాయంత్రం వేళ పొలంలో ఒక మనిషి నడిచి వస్తూ కనిపిస్తాడు. ఒంటె దిగి, ఆయన ఎవరని అడుగుతుంది. ఆయనే నా యజమాని అంటాడు సేవకుడు. అప్పుడామె ముసుగు తీసుకుని తనమీద వేసుకుంటుంది.

శిల్పం పట్టుకున్నది ఆ క్షణాన్ని. దీన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ ఆ బొమ్మను చూడండి. ముసుగు ఇప్పుడే పడింది. ఆమె అతన్ని చూసేసింది, అతనింకా ఆమెను చూడలేదు. ఆ ముసుగు వేసింది ఎవరో కాదు, ఆమే. ఇల్లు విడిచి రావడం ఎలా ఆమె నిర్ణయమో, ఇదీ అలాగే. "ముసుగు మాటున బందీ అయిన స్త్రీ" అని కొందరు రాస్తారు, "స్త్రీ లజ్జకు ప్రతిరూపం" అని ఇంకొందరు రాస్తారు. రెండు రకాలవాళ్లూ కథ చదవలేదు. నా దృష్టిలో ఈ శిల్పం బలమంతా ఇక్కడే ఉంది. సగం కనిపించే ముఖం గారడీ కోసం పెట్టింది కాదు, కథ అడిగింది కాబట్టి వచ్చింది. ముఖం పూర్తిగా కనిపిస్తే ముసుగు వేసుకోనట్టు, పూర్తిగా దాగిపోతే ఆ తర్వాతి ఘట్టం అయిపోయినట్టు. మధ్యలో ఉండే ఆ ఒక్క క్షణానికి పారదర్శకంగా కనిపించే రాయి తప్ప వేరే దారి లేదు. నైపుణ్యం కథకు పనిచేస్తున్న చోటు ఇదేనని మీరు రాయగలిగితే, అది మీ వ్యాసానికి నడుం.

ఇక్కడ మన అనుభవాన్ని కూడా వాడుకోవచ్చు. తెలుగు పెళ్లిలో వధూవరుల మధ్య తెర పడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఒకరినొకరు చూసుకోరు. ఆ తెర ముందు నిలబడి పెరిగినవాళ్లకు రెబెకా క్షణం వెంటనే అర్థమవుతుంది, ఫ్లారెన్స్ కుర్రాడికి వివరించాల్సినంత మనకు వివరించనక్కర్లేదు. కానీ తేడా కూడా రాయండి. మన తెర ఇద్దరికీ మధ్య ఉంటుంది, పట్టుకునేవాళ్లు పెద్దలు, తీసేదీ వాళ్లే. రెబెకా ముసుగు ఆమె ఒక్కదానిది, వేసుకున్నదీ ఆమే. పోలిక చెప్పి అక్కడే వదిలేస్తే వ్యాసం పలచబడుతుంది, తేడా చెబితే చిక్కబడుతుంది.

జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. పాత హైదరాబాద్ నవాబు కుటుంబాల్లో స్త్రీలకు పరదా ఉండేది, అందుకే దివాన్‌గారు ముసుగు వధువును ఎంచుకున్నారు అని రాయాలనిపిస్తుంది. వాక్యం అందంగా ఉంటుంది. ఆధారం ఏది? ఆయన ఎందుకు కొన్నారో ఆయనే ఎక్కడైనా రాసి ఉంటే ఉటంకించండి. లేకపోతే, హైదరాబాద్ ప్రేక్షకులకు ఈ ముసుగు ఎలా తోచి ఉంటుందన్నది ఆలోచించదగ్గ ప్రశ్న అని ప్రశ్నగానే ఉంచండి. కొన్నవాడి మనసులోకి దూరవద్దు.

మెచ్చుకోవడమే కాదు, మీకు తక్కువ అనిపించింది కూడా చెప్పాలి. నా మాట చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ముసుగు మీద పెట్టిన శ్రద్ధ ముఖం మీద పెట్టలేదని నాకు అనిపిస్తుంది. ఆ ముఖం అప్పటి రోమ్ కార్యశాలల్లో వాడుకలో ఉన్న గ్రీకు దేవతల అచ్చు: తిన్నని ముక్కు, నిండు గడ్డం, ఏ ఊరిదో తెలియని అందం. బావి దగ్గర ఒంటెలన్నిటికీ నీళ్లు తోడిన పిల్ల చేతుల బలం ఆ ఒంట్లో ఎక్కడా లేదు. ముసుగు తీసేసి చూస్తే ఆమె ఎవరైనా కావచ్చు. ముసుగే ఆమెను రెబెకాను చేసింది. ఇది లోపమా, లేక ఇదే ఆ శిల్పం చెప్పదలచుకున్నదా అని మీరు వాదించవచ్చు. రెండు వైపులా చెప్పుకోవడానికి చోటుంది.

పోలిక కోసం నేపుల్స్ దాకా వెళ్లక్కర్లేదు, అదే మ్యూజియంలో భారతీయ శిల్పాల గ్యాలరీకి నడవండి. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి నుంచి వచ్చిన నిలబడిన బుద్ధుడు అక్కడ ఉంటాడు. 3వ శతాబ్దానిదని చెబుతారు. అమరావతి, నాగార్జునకొండ సంప్రదాయపు బుద్ధుల్లో గుడ్డను ఎలా చూపిస్తారో గమనించండి. ఎడమ భుజం మీంచి ఒంటికి అడ్డంగా దిగే గీతలు, ఒక లయతో, ఒకదాని కింద ఒకటి. అక్కడ గుడ్డ నిజంగా గుడ్డేనని మిమ్మల్ని నమ్మించాలని శిల్పి అనుకోలేదు. గీత చూడగానే చీవరం, అంటే బౌద్ధ భిక్షువు కట్టుకునే వస్త్రం అని గుర్తిస్తారు, ఆపైన కన్ను ఆ లయ వెంట ముఖం దగ్గరికి పోతుంది. రెబెకా దగ్గర కన్ను గుడ్డ దగ్గరే ఆగిపోతుంది. ఒకే కప్పు కింద, గుడ్డను రాతిలో చెప్పే రెండు దారులు. ఏది గొప్పదని తేల్చకండి. ఏది కన్నును ఎక్కడికి నడిపిస్తోందో రాయండి. ఈ ఒక్క పోలికతో మీ విశ్లేషణ, ప్రదర్శన సమీక్ష రెండూ కలుస్తాయి.

ఇక సమీక్ష భాగం. చాలామంది విద్యార్థులు ఇక్కడ మ్యూజియం కరపత్రాన్ని తిరగరాస్తారు: ఎన్ని గదులు, ఎన్ని వస్తువులు, ఏనుగు దంతాల కుర్చీలు, కత్తులు. అది సమాచారం, సమీక్ష కాదు. వస్తువును అలా పెట్టడం వల్ల దాన్ని చూసే తీరు ఎలా మారిందన్నది సమీక్ష.

దీనికి అక్కడే మంచి ఉదాహరణ ఉంది. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట శిల్పం. ఒకే కొయ్య దుంగలో ఒకవైపు గర్వంగా నిలబడిన మెఫిస్టోఫిలిస్, రెండోవైపు తలవంచుకున్న మార్గరెట్టా. జర్మన్ కవి గోథే ఫౌస్ట్ నాటకంలోని సైతాను, అమాయక యువతి పాత్రలు, 19వ శతాబ్దపు ఫ్రెంచ్ పని. దాని వెనక అద్దం పెట్టారు. ఎదురుగా అతను, అద్దంలో ఆమె, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ అద్దం లేకపోతే జనం ఒక వైపు చూసి వెళ్లిపోయేవారు. అంటే ఆ అద్దమే వ్యాఖ్యానం చేస్తోంది. కథ తెలియనివాళ్లకు కూడా ఇద్దరి మధ్య ఏదో ఉందని అర్థమవుతుంది. నేను చూసిన అమరికల్లో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

ఇప్పుడు అదే కన్నుతో రెబెకా అమరికను చూడండి. వెలుతురు ఎటునుంచి పడుతోంది? ఎదురుగా సూటిగా పడితే ముడతల గట్లు చదునైపోతాయి, వాలుగా పడితే ప్రతి గీతా లేస్తుంది. పీఠం ఎత్తు ఎంత, ఆమె వంచిన ముఖం మీ చూపుకు అందుతోందా? చుట్టూ తిరిగే వీలుందా, ఒకవైపు నుంచే చూడాలా? ఎంత దూరంలో ఆపేశారు? లేబుల్ మీద ఏముంది? ఒంటె దిగిన ఘట్టం లేబుల్‌లో లేకపోతే చూసేవాడికి మిగిలేది పనితనం ఒక్కటే. గైడ్లు ఏం చెబుతున్నారో కూడా వినండి. నేను విన్నప్పుడల్లా "ఒకే రాయి, ఒకే రాయి" అన్న మాటే ఎక్కువ వినిపించింది, ఆమె ఎందుకు ముసుగు వేసుకుందో చెప్పినవాళ్లు తక్కువ. మార్గరెట్టాకు అద్దం దొరికింది, రెబెకాకు నాలుగు వాక్యాల కథ దొరకాలి. ఇది నా ప్రధానమైన అసంతృప్తి. మీరు వెళ్లినరోజు ఎలా ఉందో అలా రాయండి.

జనాన్ని కూడా గమనించండి, అదీ సమీక్షలో భాగమే. గంట కొట్టే సమయానికి అందరూ సంగీత గడియారం ముందు చేరతారు. లోపలినుంచి చిన్న బొమ్మ వచ్చి గంట మోగించే ఆ కొద్ది సెకన్ల కోసం పిల్లా పెద్దా ముందుగానే వచ్చి కూర్చుంటారు. గడియారం కోసం అంత ఓపికగా కూర్చున్న కుటుంబం రెబెకా దగ్గర ఎంతసేపు ఉంది? కూర్చోవడానికి చోటు ఉందా? కూర్చునే చోటు ఉంటే మనుషులు చూస్తారు. చిన్న విషయంలా ఉంటుంది కానీ ప్రదర్శన గురించి చాలా చెబుతుంది.

సేకరణ ఎలా వచ్చిందో ఒక పేరా రాయండి. మూడు తరాల సాలార్‌జంగ్‌ల వస్తువులివి. ఎక్కువభాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కొన్నవి. ఆయన 1912 నుంచి 1914 దాకా దివాన్‌గా ఉండి, ఆ పదవి వదిలాక 1949లో చనిపోయేదాకా సేకరణే జీవితంగా గడిపారు. తర్వాత ఆ వస్తువులను ఒక మ్యూజియంగా అమర్చే పని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. మదనపల్లె బీసెంట్ కాలేజీలో పనిచేసిన ఐరిష్ కవి ఆయనే. 1919లో టాగోర్ మదనపల్లె వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చిందీ ఆయనే. 1951 డిసెంబర్ 16న నెహ్రూ సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవడిలో మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనానికి మారింది.

ఈ సేకరణను అందరూ మెచ్చుకున్నారని అనుకోకండి. 1936 చివర్లో దక్షిణాది యాత్రకు వచ్చిన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్‌ను కలిసి తన చిత్రాలు చూపించింది. ఆయన కొనలేదు. ఆయన దగ్గరున్న యూరోపియన్ చిత్రాలు ఆమెకు ఏమాత్రం నచ్చలేదు, ఆ సంగతి ఆమె దాచుకోలేదు. అప్పటికి యూరప్‌లో చిత్రకళను కొత్తదారి పట్టించిన సెజాన్, వాన్‌గో వంటివారు వచ్చి వెళ్లిపోయారు. హైదరాబాద్ గోడల మీద మాత్రం అంతకుముందు తరం నునుపైన బొమ్మలే ఉన్నాయి. రెబెకా కూడా ఆ నునుపైన అభిరుచికి చెందిందే. ఈ సంగతి రాయడానికి జంకకండి. ఒక శిల్పాన్ని ప్రేమిస్తూనే, అది తన కాలంలో కొత్తదారి తొక్కినది కాదని చెప్పవచ్చు.

విశ్లేషణ పేరా ఎలా ఉండాలో చూపించడానికి ఒకటి రాస్తున్నాను. దీన్ని అలాగే ఎత్తి పెట్టకండి, తీరు చూడండి:

"నుదుటి మీదుగా దిగే ముడతలు కనుబొమల దగ్గర ఆగవు, కళ్ల మీదుగా దాటిపోతాయి. అందువల్ల కళ్లు మూసుకున్నాయా, వాలి ఉన్నాయా అని చూసేవారు ఒక్క క్షణం వెతుక్కోవాల్సి వస్తుంది. రిబ్కా కథలో ఇస్సాకు కూడా ఈ స్థితిలోనే ఉంటాడు, ఎదురుగా ఉన్న ముఖాన్ని వెతుక్కుంటూ. శిల్పి ఇస్సాకును చెక్కలేదు. ఆ స్థానంలో ప్రేక్షకుణ్ని నిలబెట్టాడు."

ఇందులో మొదటి వాక్యం చూసినది. రెండోది అది చూసేవారి మీద చేసే పని. మూడు, నాలుగు వాక్యాలు దాని అర్థం. నాలుగు వాక్యాల్లో ఒక్క పొగడ్త కూడా లేదు, అయినా శిల్పం మీద గౌరవం తగ్గలేదు. మీ వాక్యాలన్నీ ఇదే వరుసలో ఉండక్కర్లేదు, కానీ చూసినది లేకుండా అర్థం మాత్రం రాయకండి.

పదిహేను వందల పదాల వ్యాసమైతే ప్రదర్శనకు ఐదు వందలు, రెబెకాకు మిగిలినదంతా ఇవ్వండి. శిల్పి జీవితం నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. శిల్పం పేరు, శిల్పి, మాధ్యమం, కొన్న సంవత్సరం మొదట్లోనే ఒకచోట చెప్పేయండి. కొలతలు రాస్తే లేబుల్ నుంచి మీరే రాసుకోండి, నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. రెండుసార్లు వెళ్లగలిగితే మొదటిసారి శిల్పం కోసం, రెండోసారి గదికోసం, జనంకోసం వెళ్లండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆదివారాలు, పండగ సెలవులు తప్పించి మామూలు రోజు ఉదయం తలుపులు తీసే వేళకు చేరితే గుంపులు రాకముందు రెబెకా దగ్గర కాస్త తీరిక దొరుకుతుంది. రాసిన తర్వాత విశ్లేషణ భాగం ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.